ఈత కొట్టే కుక్కకు చెవిపోటు, మెడ మీద రసి: రొయ్యల రైతు సందేహానికి సమాధానం

ప్రశ్న: మాకు నాలుగు ఎకరాల్లో రొయ్యల గుంటలు ఉన్నాయి. కాపలాకు పెంచుకుంటున్న మూడేళ్ల లాబ్రడార్ కుక్క రోజూ గుంటలోనో, పక్కనున్న కాలువలోనో దూకి ఈదుతుంది. పది రోజులుగా అది తల విదిలిస్తోంది, కుడి చెవిని కాలితో గోకుతోంది, చెవి దగ్గర పుల్లటి వాసన వస్తోంది. మెడ పట్టీ కింద వెంట్రుకలు ఊడి రసి కారుతోంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోయమని ఊళ్లో చెబుతున్నారు. పోయవచ్చా? ఇకపై ఈతకు వదలకూడదా? పిడుదుల మందు కూడా వేయాల్సి ఉంది.
– ఒక రైతు, విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: నూనె పోయకండి. మన చెవి రంధ్రం దాదాపు అడ్డంగా లోపలికి వెళ్తుంది కాబట్టి తల ఒక పక్కకు వంచితే నీళ్లు బయటికి వచ్చేస్తాయి. కుక్క చెవి అలాంటిది కాదు. అది ముందు నిలువుగా కిందికి దిగి, ఆ తరువాత అడ్డంగా లోపలికి తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర చేరిన నీరు కుక్క ఎంత తల విదిల్చినా పూర్తిగా రాదు. లాబ్రడార్‌కు చెవి డొప్ప వేలాడుతూ రంధ్రాన్ని మూసి ఉంచుతుంది కనుక గాలి ఆడదు. వెచ్చదనం, తేమ, గులిమి మూడూ ఒకచోట చేరితే, ఆరోగ్యమైన చెవిలోనూ కొద్దిపాటిగా ఉండే ఈస్ట్ అనే శిలీంధ్రం విపరీతంగా పెరిగిపోతుంది. పుల్లటి వాసన, గోధుమరంగు జిగట గులిమి ఎక్కువగా దీని గుర్తులే. పసుపు పచ్చని చీము, కుళ్లు వాసన ఉంటే బాక్టీరియా చేరిందని అనుమానించాలి. ఇప్పటికే తడిసి నానిన ఆ చెవిలో నూనె పోస్తే తేమ బయటికి రాకుండా అడ్డుపడుతుంది, వెల్లుల్లి ఘాటు వాచిన చర్మాన్ని మరింత మండిస్తుంది, పరీక్ష చేసే డాక్టరుకు కర్ణభేరి కూడా కనిపించదు.

ఇంట్లో మిగిలిపోయిన చెవి చుక్కల మందు వేయడం ఇంకా ప్రమాదకరం. కర్ణభేరికి రంధ్రం పడి ఉంటే జెంటమైసిన్ అనే యాంటిబయాటిక్ వంటి మందులు లోపలి చెవిని దెబ్బతీసి, వినికిడి పోగొట్టవచ్చు. అందువల్ల ముందుగా కుక్కను పశువైద్యశాలకు తీసుకెళ్లండి. డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, దూది పుల్లతో తీసిన గులిమిని మైక్రోస్కోపు కింద పరీక్షించి, ఈస్టుకో బాక్టీరియాకో తగిన మందు రాస్తారు. మీరు కుడి చెవి ఒక్కటే అన్నారు కాబట్టి, గడ్డి ముల్లు వంటిదేదైనా లోపల గుచ్చుకుని ఉందేమో కూడా చూడమని చెప్పండి. మందు మొదలుపెట్టిన నాలుగో రోజుకే వాసన తగ్గిందని మానేయకుండా, చెప్పినన్ని రోజులూ వేయాలి; సగంలో ఆపిన చెవి మళ్లీ మళ్లీ పాడవుతుంది. తల ఒక పక్కకు వాలిపోయినా, నడకలో తూలుతున్నా, చెవి డొప్ప సంచిలా ఉబ్బినా ఆలస్యం చేయవద్దు. ఆ ఉబ్బు, అదే పనిగా తల విదిల్చడంతో లోపలి రక్తనాళాలు చిట్లి రక్తం చేరడం వల్ల వస్తుంది.

ఈత మాన్పించాలా అన్నారు. చెవి, మెడ పూర్తిగా మానేదాకా మాన్పించండి. ఆ తరువాత వదలవచ్చు. లాబ్రడార్ నీళ్లను ఇష్టపడే జాతి, దానికి ఈత మంచి వ్యాయామం. నీటిలో గడిపే అరగంట కంటే, బయటికి వచ్చాక ఒంటి మీద మిగిలే తడే ఎక్కువ హాని చేస్తుంది.

గుంట నుంచి రాగానే మెడ పట్టీ తీసేయండి. మీ కుక్క మెడ మీద పుండు పడింది పట్టీ కింద రోజంతా నిలిచిన తడి వల్లనే అని నా అభిప్రాయం. తరువాత ఒళ్లంతా మంచినీళ్లు పోసి, రొయ్యల గుంట ఉప్పునూ బురదనూ కడిగేయాలి, ఎందుకంటే ఉప్పు ఆరి చర్మానికి పట్టుకుంటే దురద పుడుతుంది. మీ తీర ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి, బోరు నీటితో కడిగినా చివరి రెండు మగ్గులు తాగేనీళ్లు పోయడం మేలు. రోజూ సబ్బు అవసరం లేదు. మనుషుల సబ్బులు, బట్టల సబ్బు అసలే వాడవద్దు. కుక్క చర్మం మన చర్మంలా ఆమ్లగుణం గలది కాదు, పైపొర కూడా మనకంటే పలుచన. రెండు మూడు వారాలకు ఒకసారి కుక్కల షాంపూ చాలు.

ఆరబెట్టడమే అసలు పని. లాబ్రడార్‌కు పైన బిరుసు వెంట్రుకలు, వాటి అడుగున ఒత్తుగా మెత్తటి నూగు ఉంటాయి. పైన తడిమితే ఆరినట్టే ఉంటుంది. మెడ దగ్గర వెంట్రుకలను వేళ్లతో పాయగా విడదీసి చర్మాన్ని తాకి చూడండి, చల్లగా చెమ్మ తగులుతుంది. పొడి తువాలుతో వెంట్రుకలకు ఎదురుదిశలో తుడిచి, చంకలు, గజ్జలు, తోక మొదలు, కాలి వేళ్ల సందులు మరిచిపోకుండా ఆరబెట్టాలి. మన జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. ఆ నెలల్లో ఎండ మీద ఆధారపడకుండా షెడ్డులో ఫ్యాను కింద కట్టేయండి.

చెవి మానిన తరువాత శుభ్రం చేసే పద్ధతి చెబుతాను. ఈత కొట్టిన రోజు సాయంత్రం, పశువైద్యుడు సూచించిన చెవి శుభ్రపరిచే ద్రావణాన్ని సీసాతో సహా కాసేపు అరచేతుల్లో పట్టుకుని గోరువెచ్చగా చేయండి. చెవి డొప్పను పైకెత్తి రంధ్రం నిండేలా పోయండి. చెవి మొదట్లో గట్టిగా తగిలే భాగాన్ని బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య పట్టుకుని అర నిమిషం మెల్లగా పిసికితే లోపల పిచపిచమని చప్పుడు వినిపిస్తుంది. వదిలేయండి, కుక్క తల విదిలించి మలుపులోని మురికిని పైకి తెస్తుంది. వేలికి దూది చుట్టి, వేలు అందేంతవరకే తుడవండి. చెవి పుల్లలు వాడితే మురికి ఇంకా లోపలికి పోతుంది. నొప్పితో కుక్క అరిచినా, చెవి ఎర్రగా ఉన్నా ద్రావణం పోయకుండా డాక్టరుకు చూపించాలి.

ఇక పిడుదుల మందు. రొయ్యల రైతుగా మీరు తప్పక గుర్తుంచుకోవలసిన విషయం ఇది. పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, ఫిప్రోనిల్ వంటి మందులు నీటిలో అతి కొద్ది మోతాదులోనే రొయ్యలను చంపగలవు. పిడుదు, రొయ్య రెండూ కీళ్లకాళ్ల జీవులే. ఒంటికి పూసే మందు వేశాక కుక్కను గుంట వైపు వదలకండి, ఆ మందుతో స్నానం చేయించిన నీళ్లు గుంటలోకో కాలువలోకో పారనీయకండి. గుంటల మధ్యే తిరిగే కుక్కకు నోటి ద్వారా ఇచ్చే పిడుదుల మాత్ర మేలని నా సలహా. బరువు తూచి డాక్టరు రాసినదే ఇవ్వాలి.

గుంటకు బ్లీచింగ్ పౌడరు, సున్నం, కాపర్ సల్ఫేట్ వేసిన రోజుల్లోనూ, నీటి మీద ఆకుపచ్చని తెట్టు కట్టినప్పుడూ కుక్కను దించవద్దు. ఆ తెట్టులో కొన్ని రకాలు కడుపులోకి పోతే కుక్కలు గంటల్లోనే చనిపోవచ్చు. గట్టు మీద ఎప్పుడూ ఒక బేసినులో మంచినీళ్లు ఉంచితే అది ఉప్పునీళ్లు తాగడం తగ్గుతుంది. ఉప్పునీళ్లు ఎక్కువగా తాగి వాంతులు, తూలడం, ఫిట్స్ మొదలైతే అది అత్యవసర పరిస్థితి. వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయండి.

ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు కుక్కకూ, దాని నుంచి మనుషులకూ సోకుతుంది. ఏటా వేయించే టీకాలో అది కూడా ఉందో లేదో అడిగి తెలుసుకోండి. మెడ మీది పుండును డాక్టరుకు చూపించేదాకా పట్టీ వేయకండి, పుండు చుట్టూ వెంట్రుకలు కత్తిరించి గాలి తగలనివ్వండి, దాన్ని తాకే ముందు చేతికి తొడుగు వేసుకోండి.