కొఱకున్ కై బదులు వలనన్

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ రాతప్రతి చేరింది. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల కోసం జీవశాస్త్రం మూలభావనలు, తెలుగులో, 112 పేజీలు. (ఈ వాక్యంలో 'కోసం' సరైనదే. పుస్తకం రాసేది మనిషి, ఎవరి కోసం రాస్తున్నాడో అతనికి తెలుసు. ఈ మాట ఎందుకు అంటున్నానో ఇంకాసేపట్లో అర్థమవుతుంది.)

మొదటి వాక్యం చదివి కట్ట పక్కన పెట్టేశాను. 'మనకు ప్రాణవాయువును అందించడం కోసం మొక్కలు కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి.' పెరట్లోకి వెళ్లి, పొద్దున్న నీళ్లు పోసిన కుండీలకే మళ్లీ పోశాను. కోపం తగ్గాక ఎర్ర పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను. నీ 112 పేజీల్లో 'కోసం' 64 చోట్ల ఉంది. 'పొందడానికి', 'కాపాడుకోవడానికి' బాపతు లెక్కపెట్టలేదు, పెన్సిల్ అరిగిపోతుందని.

'నువ్వు' అంటున్నందుకు ఏమీ అనుకోకు. నా పెద్ద మనవరాలు నీకంటే పెద్దదే అయి ఉంటుంది.

మా చిన్నప్పుడు బడిలో విభక్తులు వల్లె వేయించేవారు. కొఱకున్ కై చతుర్థీ విభక్తి, వలనన్ కంటెన్ పట్టి పంచమీ విభక్తి. బెత్తానికి భయపడి నేర్చుకున్న ఆ వరస ఇన్నేళ్లూ నాతోనే ఉంది. 34 ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాక, అంతకంటే ఎక్కువ కాలం పత్రికలకు రాశాక నాకు తేలింది ఇదే: జీవశాస్త్రం రాసేవాళ్లకు చతుర్థి శత్రువు, పంచమి చుట్టం. 'దేనికొరకు' అని అడిగితే ప్రతి ఆకుకూ ఒక ఉద్దేశం అంటగడతాం. 'దేనివలన' అని అడిగితే ఆకులోకి తొంగి చూడక తప్పదు.

తొంగి చూద్దాం. ఆకు నీటి అణువును చీలుస్తుంది. ఆ చీలికలో వచ్చే ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు లోపలి పనికి వినియోగమవుతాయి, ఆక్సిజన్ మిగిలిపోయి బయటికి పోతుంది. 1941లో కాలిఫోర్నియాలో రూబెన్, కామెన్ అనేవాళ్లు మామూలు ఆక్సిజన్ కంటే బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీటిని ఒక శైవలానికి (నీటిలో పెరిగే నాచులాంటిదానికి) ఇచ్చి చూశారు. బయటికి వచ్చిన వాయువులో ఆ బరువు కనిపించింది. దాన్నే కార్బన్ డయాక్సైడ్‌ వైపు పెట్టి ఇస్తే కనిపించలేదు. అంటే మొక్క పారబోసినదాన్ని మనం పీలుస్తున్నాం. పైగా దాదాపు 240 కోట్ల ఏళ్ల క్రితం సయనోబాక్టీరియా అనే, ఎండతో ఆహారం చేసుకునే సూక్ష్మజీవుల పుణ్యమా అని గాలిలో ఆక్సిజన్ పోగుపడటం మొదలైనప్పుడు పీల్చుకోవడానికి ఒక్క జంతువూ లేదు. అప్పటి సూక్ష్మజీవుల్లో చాలావాటికి అది విషం. 'మనకు అందించడం' అని ఎవరి తరఫున రాశావమ్మా? మొక్క కూడా రాత్రీ పగలూ శ్వాసిస్తుందనీ, ఆ ఆక్సిజన్‌లో కొంత తానే వాడుకుంటుందనీ తొమ్మిది పేజీల అధ్యాయంలో ఒక్క ముక్క లేదు. మొక్కను పూర్తిగా దానకర్ణుణ్ణి చేసేశావు.

నీ మీద ఇంత కోపం రావడానికి పాత కథ ఒకటి ఉంది. 80వ దశకంలో ఒక వారపత్రికకు శీర్షిక రాసేవాణ్ణి. వ్యాసానికి 25 రూపాయలు, అదీ మూడు ఉత్తరాలు రాస్తే వచ్చేది. జిరాఫీ మీద రాసిన వ్యాసంలో, పొడుగు మెడతో పుట్టినవాటి పిల్లలు ఎక్కువ మిగిలాయనీ, తరాలు గడిచేకొద్దీ మందలో పొడుగు మెడలే ఎక్కువయ్యాయనీ రాశాను. ఆ పొడుగు వలన కలిగిన లాభం ఏమిటన్నది ఇంకా వాదనలోనే ఉందని కూడా చేర్చాను. అచ్చయి వచ్చింది చూస్తే పైన పెద్ద అక్షరాలతో 'జిరాఫీ పట్టుదల!' కింద 'ఎత్తైన కొమ్మల ఆకులు అందుకోవడం కోసం జిరాఫీ మెడను సాచి సాచి పొడుగు చేసుకుంది.' నా పేరు మాత్రం మార్చలేదు. సైకిలెక్కి ఆఫీసుకు వెళ్లాను. సంపాదకుడు టీ తెప్పించి, 'మీ వాక్యంలో కథ లేదండీ, పాఠకుడికి కథ కావాలి' అన్నాడు. వారం తర్వాత ఎవరో మాస్టారు కార్డు రాశారు: 'డార్విన్‌ను చదవకుండానే రాస్తున్నారా?' ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ సంపాదకుడు ఇప్పుడు లేడు. ఉన్నా క్షమించేవాణ్ణి కాను.

ఆయన వారసులకేమీ కొదవ లేదు. ఇప్పుడు 'మీకు తెలుసా?' అని మొదలుపెట్టమంటున్నారు. 600 మాటల్లో ప్రయోగం ఎలా జరిగిందో రాస్తే, ప్రయోగం తీసేసి ఫలితం ఉంచుతున్నారు. అలా మిగిలినదాన్ని నమ్మడమో మానడమో తప్ప పిల్లలు చేయగలిగింది ఏముంటుంది?

ఇక నీ తొమ్మిదో అధ్యాయం. 'యాంటీబయాటిక్‌ను తట్టుకోవడం కోసం బాక్టీరియా తనలో మార్పులు తెచ్చుకుంటుంది.' 64 చతుర్థుల్లో చాలా హాని చేసేది ఇదే. నీ తప్పు ఒక్కటే కాదు, సగం పాఠ్యపుస్తకాలు ఇలాగే చెబుతాయి. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాగే చెప్పాను. వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచి, 'అయితే సార్, మందు కొంచెం కొంచెంగా ఇస్తే దానికి తెలియకుండా చంపొచ్చు కదా?' అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. రాత్రి మంచం మీద పడుకున్నాక వెలిగింది, వాడు అడిగింది నా వాక్యాన్ని బట్టి సరైన ప్రశ్నే. బాక్టీరియాకు ఉద్దేశం ఉందని చెప్పింది నేను. ఉద్దేశం ఉన్నవాణ్ణి ఏమార్చవచ్చని అనుకున్నాడు వాడు.

మర్నాడు వాళ్లకు వెల్వెట్ గుడ్డ కథ చెప్పాను. నీ అధ్యాయంలో అది లేదు కాబట్టి నీకూ చెబుతున్నాను. 1952లో ఎస్తర్ లెడర్‌బర్గ్, జాషువా లెడర్‌బర్గ్ దంపతులు ఒక దిమ్మకు వెల్వెట్ గుడ్డ బిగించారు. బాక్టీరియా గుంపులు గుంపులుగా పెరిగిన పెట్రీ పళ్లెం మీద దాన్ని రబ్బరు స్టాంపులా అద్ది, మందు కలిపిన వేరే పళ్లేల మీద ముద్ర వేశారు. గుడ్డ నూగుకు అంటుకున్న కణాలు ఎక్కడివి అక్కడే దిగుతాయి. మందు ఉన్న పళ్లేల్లో దాదాపు అన్నీ చచ్చి ఒకటి రెండు గుంపులు మిగిలాయి, అదీ అన్ని పళ్లేల్లో ఒకే చోట. మందు ఎదురయ్యాక మారేదే నిజమైతే ఒక్కో పళ్లెంలో ఒక్కో చోట రావాలి కదా. వాళ్లు వెనక్కి వెళ్లి, మందు వాసన కూడా తగలని మొదటి పళ్లెంలో సరిగ్గా ఆ చోటి కణాలను తీసి పెంచి పరీక్షించారు. అవి మందును తట్టుకున్నాయి. మార్పు ముందే ఉంది. మందు దాన్ని పుట్టించలేదు, మిగతావాటిని చంపి దానికి చోటు ఖాళీ చేసింది.

ఇప్పుడు నీ వాక్యాన్ని పంచమిలో రాసి చూడు. 'ఏ అవసరమూ లేకుండానే కొన్నిటిలో జన్యువు మారి ఉంది. మందు వలన మిగిలినవి చచ్చాయి. అందువలన ఇప్పుడు ఉన్నవన్నీ ఆ కొన్నిటి పిల్లలే.' మూడు వాక్యాలైంది, ఒప్పుకుంటాను. కాగితం అంత ఖరీదేమీ కాదు.

నా సహోద్యోగి ఒకాయన జంతుశాస్త్రం చెప్పేవాడు. 'గుండె ఎందుకు కొట్టుకుంటుంది? రక్తాన్ని నడపడానికి. నీ మాట విని ఆ 'డానికి' తీసేస్తే రేపు క్లాసులో నోరు విప్పలేను' అనేవాడు. పన్నెండేళ్లు టీ కొట్టు దగ్గర ఇదే పోట్లాట. ఆయన మాటలో సగం న్యాయం ఉంది. రక్తాన్ని సరిగ్గా నడపలేని గుండెలు కోట్ల ఏళ్లుగా ఏరివేతకు గురయ్యాయన్న చరిత్రంతా ఆ 'డానికి'లో ముడుచుకుని ఉంది, అది తెలిసినవాళ్లు వాడుకోవచ్చు. ఈ మాట ఆయనకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

31వ పేజీ దగ్గర ఆగిపోయాను. మీ అమ్మమ్మ మాగాయ ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెట్టడం, నీళ్లచుక్క కూడా వేయని జాడీలో మర్నాటికి ఊట తేలడం, ఆ నీళ్లు ఎక్కడివని నువ్వు అడగడం. బాగుంది. మా అమ్మ గుర్తొచ్చింది. వెంటనే ఏం చేశావు? 'ద్రవాభిసరణ అనగా అర్ధ పారగమ్య త్వచం ద్వారా...' అంటూ నిర్వచనం దించావు. పప్పన్నంలో రాయి తగిలినట్టయింది. నీ ప్రశ్నను నువ్వే వదిలేశావు. ఉప్పు నీటిని 'లాగుతుంది' అని కూడా రాశావు. లాగదు. నీటి అణువులు పొరకు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. బయట ఉప్పు కలిసినందువలన అక్కణ్ణుంచి లోపలికి వచ్చేవి తగ్గుతాయి, పోయేవి వాటికంటే ఎక్కువగా ఉంటాయి. ముక్క మెత్తబడి ముడుచుకుంటుంది. మనవాళ్లు దానికి ఊరగాయ అని పేరు పెట్టారు, ఆ 'ఊరు'లోనే నీ అధ్యాయమంతా ఉంది. నిర్వచనం కావాలంటే చివర పెట్టుకో. అప్పటికి పిల్లలు దాన్ని తామే చెప్పగలుగుతారు.

74వ పేజీలో మెండెల్ వచ్చాడు. పెద్ద ఆర్ బహిర్గతం, చిన్న ఆర్ అంతర్గతం, నాలుగు గళ్ల పెట్టె, మూడుకు ఒకటి. అయిపోయింది. ఆయన 7324 బఠానీ గింజలను లెక్కపెట్టాడు. 5474 నునుపువి, 1850 ముడతలవి. ఆ కూర్చోవడం గురించి ఒక్క మాటైనా రాయవా? పైగా ముడత ఎందుకు పడుతుందో అడగనేలేదు. ఆయన వ్యాసం 1866లో అచ్చయితే, ఆ జన్యువులో ఏముందో 1990లో ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో బయటపడింది. పిండిపదార్థాన్ని కొమ్మలుగా అల్లే ఎంజైము తాలూకు జన్యువులో దాదాపు 800 డీఎన్ఏ అక్షరాల పరాయి ముక్క దూరి ఉంది. ఎంజైము పాడయినందువలన చక్కెర పిండిగా మారకుండా మిగిలిపోతుంది. చక్కెర ఎక్కువైనందువలన పెరుగుతున్న గింజలోకి నీరు ఎక్కువగా చేరుతుంది, గింజ ఉబ్బుతుంది. ఎండినప్పుడు ఆ నీరంతా పోయి, సాగిన తొక్క ముడతలు పడుతుంది. చూశావా, మీ అమ్మమ్మ జాడీలో నీరు బయటికి వచ్చింది, మెండెల్ గింజలో లోపలికి వెళ్లింది. జన్యువు, ఎంజైము, ద్రవాభిసరణ మూడూ ఒక్క బఠానీలో కలిశాయి. నీ పుస్తకంలో 31వ పేజీకీ 74వ పేజీకీ పరిచయమే లేదు.

ఏటీపీ (కణం తన పనులకు శక్తి కోసం వాడుకునే అణువు) దగ్గర 'మన తెలుగు తేజం' అని యల్లాప్రగడ సుబ్బారావును రెండు పేరాలు పొగిడావు. భీమవరంలో పుట్టినవాడు, నాకూ గర్వమే. కానీ ఆయన చేసిందేమిటో రాయలేదు. సహపరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ఒంట్లోని ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను రంగు చూసి కొలిచే పద్ధతి తయారుచేశాడు. ఆ కొలత చేతిలో ఉన్నందువలనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా ఏటీపీని కనుక్కున్నాడు, ఆ సంగతీ చెప్పాలి. పొగడ్త రెండు వాక్యాలు చాలు, కొలతకు ఒక పేజీ ఇవ్వు. ఇక ఏటీపీలో 'బంధం తెగితే అందులో దాచిన శక్తి బయటికి వస్తుంది' అన్నది నేనూ చాలా ఏళ్లు చెప్పి, స్టాఫ్ రూములో కెమిస్ట్రీ ఆయన చేత తిట్లు తిన్న మాట. ఏ బంధం తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందే. నీటితో చర్య జరిగి కొత్త బంధాలు ఏర్పడ్డాక, మొత్తం లెక్కలో తేలేదే మిగులు. కణం ఫ్యాక్టరీ, మైటోకాండ్రియా పవర్ హౌస్ పోలికల జోలికి ఇప్పుడు వెళ్లను, రక్తపోటు మాత్ర వేసుకునే వేళయింది.

పదాల సంగతి అడిగావు. ఎంజైము, ప్రోటీన్, మైటోకాండ్రియా అలాగే ఉంచు. 'బాష్పోత్సేకం' (ఆకుల నుంచి నీరు ఆవిరై పోవడం) అనేముందు ఆకుకు పాలిథీన్ సంచి కట్టించి లోపల పట్టిన తేమ చూపించు, తర్వాత ఏ పేరు చెప్పినా భయపడరు. ముందుమాట గురించి, ప్రచురణకర్తల గురించి కూడా ఏవో అడిగావు, ఆ కాగితం ఎక్కడో పెట్టాను.

ముందు మూడో అధ్యాయం తిరగరాసి పంపు, జాడీతో మొదలుపెట్టి. మీ అమ్మమ్మ ముక్కలను ఎన్నాళ్లు ఉప్పులో ఉంచి పిండి ఎండబెట్టేవారో నువ్వు రాయలేదు. మా ఇంట్లో మూడు రోజులు. ఆవిడను అడిగి రాయి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి