సంఘానికి వారం వారం రాసే ఉత్తరం గురించి ఒక కాపరి అనుభవం

సహోదరునికి వందనాలు. అరవై కుటుంబాలున్న పల్లె సంఘానికి ఈ మధ్యనే కాపరిగా వచ్చారని, సంఘ విశేషాలు ప్రతి వారం వాట్సాప్‌లో రాసి పంపమని పెద్దలు అడిగారని, సంఘం అప్పటికే రెండు వర్గాలుగా ఉన్నందున ఏమి రాస్తే ఐక్యత కలుగుతుందో, విసుగు లేకుండా ఎంతకాలం రాయగలరో తోచడం లేదని మీరు అడిగారు. నేను ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మకు దగ్గరగా ఉన్న ఒక బాప్టిస్టు సంఘంలో 19 ఏళ్లుగా సేవ చేస్తున్నాను. వారపు ఉత్తరం మొదలుపెట్టి 8 ఏళ్లయింది. ఈ 8 ఏళ్లలో చేసిన మంచి కంటే మొదటి ఏడాదిలో చేసిన ఒక తప్పే నాకు ఎక్కువ నేర్పింది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ఆ ఏడు మందిరం పనికి కూడబెట్టిన సొమ్ము కొంత మిగిలింది. దానితో ముందుగా ప్రహరీ గోడ కట్టాలని కొందరు, స్త్రీలకు మరుగుదొడ్లు కట్టాలని కొందరు పట్టుబట్టారు. కమిటీలో గోడ వైపు ఇద్దరు ఎక్కువగా ఉన్నారు. ఆ శనివారం రాత్రి నేను ఉత్తరంలో "సంఘమంతా ఏకమనస్సుతో ప్రహరీ గోడ కట్టడానికి తీర్మానించింది, దేవునికి స్తోత్రం" అని రాశాను. ఏకమనస్సు అని రాస్తే ఏకమనస్సు వస్తుందని నిజంగానే అనుకున్నాను. ఆదివారం ఆరాధన కాగానే మరుగుదొడ్లు కావాలన్న పెద్ద నా దగ్గరికి వచ్చి, ఫోన్‌లో ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించి, "అయ్యగారూ, ఈ అంతటిలో నేను లేనా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మరుసటి వారం నుంచి ఆయన కుటుంబంతోపాటు మరో కుటుంబం కూడా మందిరానికి రావడం మానేసింది. ఓటు ఎటు పడినా ఆయన ఉండిపోయేవారే. ఓడిపోవడం ఆయనను నొప్పించలేదు, తాను అసలు లేనట్టుగా కాపరే రాయడం నొప్పించింది.

అందువల్ల మీకు నేను మొదట చెప్పేది ఇది: ఉత్తరంలో ఐక్యత గురించి రాయకండి. ఆ మాటకు ప్రసంగ వేదిక ఉంది, అక్కడ చెప్పండి. ఉత్తరంలో ఒకరి కష్టసుఖాలు మరొకరికి తెలిసేలా రాయండి. "కొందరు", "చాలామంది", "అందరూ" అనే మాటలను నేను అప్పటి నుంచి దగ్గరికి రానివ్వడం లేదు. కొందరు అని రాస్తే ఆ కొందరు ఎవరో ఊరంతా లెక్క కడుతుంది. అందరూ అని రాస్తే అందులో లేనివారు తమను తాము లెక్కించుకుంటారు. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో చివరి అధ్యాయాన్ని మనం చదివేటప్పుడు వట్టి పేర్ల పట్టికలా దాటేస్తాం గాని, ఎవరు ఎవరి కోసం ప్రయాసపడ్డారో, ఎవరి ఇంట్లో సంఘం కూడుతోందో ఆయన పేరుపేరునా చెప్పిన తీరే వారపు ఉత్తరానికి మంచి మాదిరి అని నా నమ్మకం.

ఇద్దరి మధ్య తగవు ఉన్నప్పుడు దాన్ని ఉత్తరంలో ప్రస్తావించవచ్చా అని కూడా మీరు అడిగారు. ఫిలిప్పీ పత్రికలో పౌలు తగవుపడిన యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను పేర్లతోనే సంబోధించాడు నిజమే. అయితే ఒకే మాటతో ఇద్దరినీ బతిమాలాడు, తప్పు ఎవరిదో చెప్పలేదు, వారిద్దరూ సువార్త పనిలో తనతో ప్రయాసపడినవారని వెంటనే గుర్తుచేశాడు, వారికి సహాయం చేయమని మరొకరిని కోరాడు. అంత నిష్పక్షపాతం నాలో లేదని తెలిసినందున తగవుల సంగతి నేను రాయను, ఇంటికి వెళ్లి మాట్లాడతాను. మీరు కొత్తగా వచ్చినవారు, ఎవరి మాట ఎంతవరకు నిజమో తెలియడానికి కనీసం ఒక ఏడాది పడుతుంది కాబట్టి మీరూ అలాగే చేయడం మంచిది.

ఇక విశేషాలు ఎలా సేకరించాలనే విషయం. నేను బుధవారం, గురువారం ఇళ్లకు వెళ్లినప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం వెంట ఉంచుకుంటాను. ఎవరైనా ప్రార్థన మనవి చెబితే, "ఇది ఉత్తరంలో రాయమంటారా, నాతోనే ఉంచమంటారా?" అని అప్పుడే అడుగుతాను. రాయమంటే, "ఏ మాటల్లో రాయమంటారు?" అని కూడా అడిగి వారి మాటల్లోనే రాసుకుంటాను. ఒక సహోదరి భర్త తాగుడు గురించి కన్నీళ్లతో చెప్పిన సంగతి, ప్రార్థన మనవి పేరుతో నలుగురి నోళ్లలో పడిందంటే ఆ ఇంటికి మనం మళ్లీ వెళ్లలేము. అప్పులు, పెళ్లి సంబంధాలు, ఆడపిల్లల అనారోగ్యం గురించి వారే రాయమని అడిగినా రాయవద్దు.

పేర్లు రాసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. మొదట్లో నేను ఉద్యోగస్తులకు, పెద్ద వయసు వారికి "గారు" చేర్చి, కూలిపనికి వెళ్లే స్త్రీల పేర్లు ఉత్తగా రాసేవాణ్ణి. అలా రాస్తున్నానని నాకే తెలియలేదు. ఒకరోజు పదో తరగతి చదివే కుర్రవాడు వచ్చి, "అయ్యగారూ, మా అమ్మ పేరు పక్కన గారు లేదండీ" అన్నాడు. వాళ్లమ్మ మా మందిరం ఊడ్చి, చాపలు పరిచి, అందరూ వెళ్లాక చుట్టిపెట్టే సహోదరి. ఆ రాత్రి పాత ఉత్తరాలన్నీ తీసి చూసుకున్నాను. ఎవరికి గారు ఉందో, ఎవరికి లేదో చూస్తే మా ఊరిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలని లోకం నిర్ణయించిందో అదంతా నా చేతిరాతలోనే కనబడింది. అప్పటి నుంచి పసిపిల్లలకు తప్ప అందరికీ గారు రాస్తున్నాను. మీరు ఈ వారమే మీ హాజరు పట్టీ తీసి, ఎవరి పేరు ఎలా రాసి ఉందో ఒకసారి చూడండి.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. నా ఉత్తరంలో ఒక భాగం దాదాపు ఇలా ఉంటుంది: "ఈ వారం మన సంఘంలో ముగ్గురు సహోదరీలు మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లారు, ఈస్టరుకు తిరిగి వస్తామని చెప్పారు. వారి పిల్లలు అమ్మమ్మల దగ్గర ఉన్నారు. సండే స్కూలు టీచరు గారు సాయంత్రాలు వారిని చదివిస్తున్నారు. స్త్రీల సమాజం తెచ్చిన పిడికెడు బియ్యం ఈ నెల 41 కిలోలు అయింది. రెండు ఇళ్లకు అందజేశాము." ఆ రెండు ఇళ్లు ఏవో రాయను. వండే ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసే అలవాటు మన తెలుగు సంఘాల్లో తల్లుల నుంచి కూతుళ్లకు వచ్చింది; దాని లెక్క ఉత్తరంలో ఉండాలి, దాన్ని అందుకున్నవారి పేరు ఉండకూడదు. కానుకల విషయంలోనూ ఇంతే. ఎవరు ఎంత ఇచ్చారో పేర్లతో చదివే ఆచారం చాలా సంఘాల్లో ఉంది గాని, దానివల్ల ఇవ్వలేనివారు వెనక వరుసకు జరిగిపోవడం నేను కళ్లారా చూశాను. నెల మొదటి వారంలో మొత్తం రాబడి, ఖర్చు, నిల్వ మాత్రం పైసలతో సహా రాయండి. లెక్క కనబడని చోట మీరు ఐక్యత గురించి ఎంత చెప్పినా ఎవరూ వినరు.

హాజరు తగ్గిందని ఉత్తరంలో మందలించకండి. మా ప్రాంతంలో జనవరి చివరి నుంచి మిరపకోతలు, అదే సమయంలో పొగాకు బ్యారన్ల, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్ల, పని ఉంటుంది. బ్యారన్‌లో ఆకు వేసిన తరువాత వేడి తగ్గకుండా రాత్రంతా పొయ్యి దగ్గర ఒకరు మేలుకోవలసిందే. అలా మేలుకున్న సహోదరుడు ఆదివారం పదింటికి మందిరంలో లేడంటే ఆయన విశ్వాసం చల్లారిందని రాయడం అన్యాయం. ఒక ఫిబ్రవరిలో నేను రాత్రిపూట బ్యారన్ల దగ్గరికే వెళ్లి, పొయ్యి వెలుగులో వాక్యం చదివి, నలుగురితో ప్రార్థన చేసి వచ్చాను. ఆ సంగతి ఉత్తరంలో రాస్తే మరుసటి వారం యవనస్తులు తామూ వస్తామన్నారు.

చదవలేని పెద్దల కోసం అదే ఉత్తరాన్ని మూడు నిమిషాల వాయిస్‌గా కూడా పంపుతాను. మా అమ్మగారు, అంటే నా భార్య, దాన్ని చదువుతారు. నా గొంతు కంటే ఆమె గొంతు ముసలివారికి బాగా వినబడుతుంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఒక సహోదరికి అక్కడ ఆరాధన శుక్రవారం. ఆదివారం పొద్దున మేము మందిరంలో ఉన్నప్పుడు తాను వంటింట్లో ఉంటానని, గిన్నెలు తోముతూ ఆ వాయిస్ రెండుసార్లు వింటానని, ఎవరి బిడ్డకు జ్వరం తగ్గిందో తెలిస్తే ఊళ్లో ఉన్నట్టే ఉంటుందని ఆమె చెప్పారు.

విసుగు గురించి అడిగారు. విసుగు వస్తుంది. రాయడానికి ఏమీ లేని వారాలు ఏడాదికి పది పదిహేను ఉంటాయి. అలాంటప్పుడు నేను మా సంఘం పుట్టిన కథ తలచుకుంటాను. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టినా ఏళ్ల తరబడి ఫలం కనబడలేదు. 1853లో అమెరికాలోని మిషన్ పెద్దలు దాన్ని మూసివేయాలా అని చర్చించారు. పటంలో ఒంటరిగా ఉన్న ఆ కేంద్రానికి ఒంటరి నక్షత్రమనే పేరు అందుకే మిగిలింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. అలా అడిగిన సేవకుడు, మిషనరీ క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. కొండ మీద కూడినవారు ఐదుగురే, నిరీక్షించింది 12 ఏళ్లు.

తరువాత ధాత కరువు అని పిలిచే పెద్ద కరువు వచ్చింది. 1876 నుంచి 1878 వరకు జనం ఆకలితో చనిపోతుంటే క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. అయితే కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపివేశారు. 1878 జూలై 3న మా గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజును మనం పండుగలా చెప్పుకుంటాం. నాకు మాత్రం అంతకు ముందు ఆపి ఉంచిన నెలలు మరింత విలువైనవిగా అనిపిస్తాయి. మా సంఘంలో తమ ముత్తాతలు ఆ నీళ్లలో దిగినవారని చెప్పే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక శనివారం రాయడానికి ఏమీ లేకపోతే ఆ కుటుంబాల్లో ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని ఆమె చెప్పింది రాసి పంపుతాను.

ఆ పెద్ద సంగతి ముగించాలి. మరుసటి వారం ఉత్తరంలో, "గత వారం సంఘమంతా అని రాశాను, అది నిజం కాదు, భిన్నాభిప్రాయం ఉంది, అలా రాసినందుకు క్షమించండి" అని మూడు ముక్కలు రాశాను. ఆయన రాలేదు. రెండుసార్లు ఇంటికి వెళ్లాను. మంచినీళ్లిచ్చి మర్యాదగా పంపారు. ఏడో నెలలో, నవంబరు వానల్లో, ఆయన తల్లి ప్రభువునందు నిద్రించారు. సమాధుల స్థలం నల్లరేగడి నేల. గునపం దిగితే పైకి రాదు, తవ్విన కొద్దీ నీళ్లు ఊరతాయి. గోడ కావాలన్న వర్గానికి చెందిన ఐదుగురు కుర్రవాళ్లు పిలవకుండానే వచ్చి, బకెట్లతో నీళ్లు తోడుతూ సాయంత్రం వరకు గొయ్యి తవ్వారు. ఆ వారం ఉత్తరంలో నేను మరేమీ రాయకుండా, ఆ తల్లి జీవితం గురించి నాలుగు మాటలు, తవ్వినవారి పేర్లు, వంట చేసి పంపిన ఇళ్ల పేర్లు రాశాను.

మూడు వారాల తరువాత ఆ పెద్ద మందిరానికి వచ్చి తలుపు దగ్గర చివరి చాప మీద కూర్చున్నారు. ఆయనతో వెళ్లిన రెండో కుటుంబం రాలేదు. వారు ఇప్పుడు పక్క ఊరి సంఘానికి వెళుతున్నారు, అయినా ఉత్తరం పంపమని అడిగారు, పంపుతున్నాను. ఆరాధన అయ్యాక ఆ పెద్ద నా దగ్గరికి వచ్చి, గోడ మాటగాని, పాత ఉత్తరం మాటగాని ఎత్తకుండా, "అయ్యగారూ, ఆ రోజు చీకటి పడ్డాక జనరేటరు తెచ్చిన పిల్లవాడి పేరు మీరు రాయలేదండీ" అన్నారు. ఆ పిల్లవాడు గోడ కోసం అందరికంటే గట్టిగా పట్టుబట్టిన కోశాధికారి కొడుకు. తరువాతి శనివారం ఉత్తరం ఆ పేరుతోనే మొదలుపెట్టాను.