కాలేజీ స్టార్‌ని డ్రాఫ్ట్‌లో ఎందుకు వెనక్కి నెడతారు? పర్డ్యూలో ఆరేళ్లు ఆట చూసిన నా జవాబు

మీరు అడిగింది ఇది: "కాలేజీ బాస్కెట్‌బాల్‌లో దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడు అనిపించుకున్నవాణ్ణి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట) కిందికి నెట్టేసి, ఒక్క ఏడాది ఆడిన కుర్రాణ్ణి ముందు తీసుకుంటారేంటి? స్కౌట్లకు (జట్ల తరఫున ఆటగాళ్లని వెతికేవాళ్లకు) కనపడనిది కాలేజీ ఆటలు చూసేవాళ్లకు ఏమైనా కనపడుతుందా?"

కనపడుతుంది. అన్నిసార్లూ కాదు. నేను గట్టిగా నమ్మి తప్పిన పేరు ఒకటుంది, గట్టిగా నమ్మి నెగ్గిన పేరు ఒకటుంది. రెండూ చెప్తాను.

2018 ఆగస్టులో పీహెచ్‌డీకి ఇండియానా రాష్ట్రం వెస్ట్ లాఫయెట్‌లోని పర్డ్యూ యూనివర్సిటీకి వచ్చాను. 2024 వేసవి దాకా అక్కడే ఉన్నాను. వచ్చేనాటికి నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. ఆ నవంబరులో ల్యాబ్‌లో పక్క సీటు అబ్బాయి మ్యాకీ అరీనాకి లాక్కెళ్లాడు. పద్నాలుగు వేల మందికి పైగా పట్టే గుండ్రటి స్టేడియం. మావాళ్లు షాట్ వేస్తే ఆ కప్పు కింద శబ్దం తిరిగి తిరిగి మీదే పడుతుంది. ఆ రాత్రి నుంచి నేను ఈ ఆటకి అంకితమైపోయాను.

ముందు డ్రాఫ్ట్ లెక్క చెప్పుకోవాలి. రెండు రౌండ్లు, మొత్తం 60 పిక్‌లు, అంటే ఎంపికలు (ఈ మధ్య జరిమానాల వల్ల ఒకటి రెండు తగ్గాయి). 2006 నుంచి స్కూలు అవగానే నేరుగా వెళ్లడానికి లేదు, ఆ ఏడాదిలో 19 నిండాలి. అందుకే ఒక్క ఏడాది కాలేజీలో ఆడి వెళ్లిపోయే పద్ధతి వచ్చింది. మొదటి రౌండ్‌లో తీసుకుంటే రెండేళ్ల జీతం ఖాయం, ఆపై రెండేళ్లు ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. రెండో రౌండ్‌లో అయితే ఏదీ ఖాయం కాదు. జట్టు కొంటున్నది ఆటగాడి ఇవాళ్టి ఆట కాదు, అతను పాతికేళ్లకు ఏమవుతాడన్నది. 22 ఏళ్లవాడు ఇంక ఎదగడేమో అని భయం, 19 ఏళ్లవాడు ఎంత ఎదుగుతాడో అని ఆశ. ఆ ఆలోచన తప్పని నేననను.

ఇక నా తప్పు. మా పర్డ్యూ ఆటగాడు కార్సన్ ఎడ్వర్డ్స్.

2019 మార్చి 30, లూయివిల్‌లో వర్జీనియాతో ఆట. గెలిస్తే ఫైనల్ ఫోర్, అంటే కాలేజీల జాతీయ టోర్నమెంట్‌లో చివరి నాలుగు జట్లలో చోటు. మేం పదిమందిమి ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒక పెద్ద గిన్నెడు పులిహోర మధ్యలో పెట్టుకుని చూస్తున్నాం. ఎడ్వర్డ్స్ నిండా ఆరడుగుల వాడు. ఎక్కణ్ణుంచి పడితే అక్కణ్ణుంచి వేస్తున్నాడు, పడుతున్నాయి. 42 పాయింట్లు, అందులో పది త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు). చివరి సెకన్లలో రెండు పాయింట్లు ముందున్నాం. వర్జీనియావాళ్ల ఫ్రీ త్రో తప్పింది, బంతి వెనక్కి ఎక్కడికో దొర్లింది, దాన్ని అందుకుని దూరంగా విసిరితే మామాడి డియాకిటే చేతికి వెళ్లింది, అతను గంట మోగేలోపు వేశాడు. ఆట సమానమైపోయింది. ఓవర్‌టైమ్‌లో 80-75తో ఓడిపోయాం. వర్జీనియా ఆ ఏడాది టైటిల్ గెలిచింది. ఆ టోర్నమెంట్‌లో నాలుగు ఆటల్లో ఎడ్వర్డ్స్ 28 త్రీలు వేశాడు, అది రికార్డు.

డ్రాఫ్ట్‌లో అతణ్ణి 33వ పిక్‌గా తీసుకున్నారు. బోస్టన్‌కి వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది. మొదటి ఇరవైలో ఉండాలని అందరితో వాదించాను. రెండు సీజన్లు గడిచేసరికి బోస్టన్‌లో అతనికి చోటు లేకుండా పోయింది. తర్వాత యూరప్‌లో ఫెనర్‌బాచె, బాయర్న్ మ్యూనిక్ లాంటి పెద్ద క్లబ్బులకు ఆడాడు. అతనిలో కష్టం తగ్గలేదు, ధైర్యం తగ్గలేదు. మా దగ్గర జట్టు మొత్తం అతని కోసం అవతలివాళ్లకి అడ్డు నిలబడేది, బంతి అతని చేతిలోనే ఉండేది. బోస్టన్‌లో బంతి అప్పటి స్టార్లు కెంబా వాకర్ దగ్గరో, టేటమ్ దగ్గరో ఉంటుంది. బంతి లేని కార్సన్ ఏం చేస్తాడన్నది కాలేజీలో నేను ఒక్కసారి కూడా గమనించలేదు. షాట్లు చూస్తూ ఉండిపోయాను.

సరిగ్గా ఏడాది ముందు, 2018లో, అదే 33వ పిక్‌గా వెళ్లినవాడు విలనోవా యూనివర్సిటీ గార్డ్ (బంతి నడిపించేవాడు) జేలెన్ బ్రన్సన్. అతనూ పొట్టివాడే, కాలేజీలో రెండు జాతీయ టైటిళ్లు గెలిచినవాడు. డల్లాస్‌లో అదే డ్రాఫ్ట్‌లో వచ్చిన లూకా డాన్చిచ్ చేతిలో బంతి ఉంటే, బ్రన్సన్ నాలుగేళ్లు దాని చుట్టూ ఆడటం నేర్చుకున్నాడు. 2022లో న్యూయార్క్ వెళ్లాక బంతి అతనికిచ్చారు, ఇవాళ అతను నిక్స్ కెప్టెన్. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూశాకే నాకు ఏం చూడాలో తెలిసింది.

మ్యాకీలో మా సీట్లకి దగ్గర్లో ఒక పెద్దాయన కూర్చునేవారు. ఆట మొదలవకముందే వేరుశెనగకాయలు ఒలుచుకుంటూ పాత కథలు చెప్పేవారు. 1980లో పర్డ్యూని ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్లిన జో బ్యారీ క్యారల్ గురించి ఆయన దగ్గరే మొదట విన్నాను. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ క్యారలే. గోల్డెన్ స్టేట్ ఆ పిక్ కోసం బోస్టన్‌కి రాబర్ట్ పారిష్‌నీ, మూడో పిక్‌నీ ఇచ్చేసింది. ఆ మూడో పిక్‌తో బోస్టన్ కెవిన్ మెక్‌హేల్‌ని తీసుకుంది. పారిష్, మెక్‌హేల్, ల్యారీ బర్డ్ కలిసి మూడు టైటిళ్లు గెలిచారు. క్యారల్ సగటున 17 పాయింట్లకు పైగా కొట్టాడు కెరీర్ మొత్తంలో, ఆల్‌స్టార్ కూడా అయ్యాడు. అయినా అతని పేరెత్తితే ఆ బేరమే గుర్తుచేస్తారు. ఆ మాట అంటున్నప్పుడు ఆ పెద్దాయన గొంతులో నలభై ఏళ్ల కోపం ఉండేది. బేరం కుదుర్చుకున్నది జట్టు, మాట పడ్డది ఆటగాడు. ఇది అన్యాయమని నేనూ అంటాను.

ఆయనే ఇంకో పర్డ్యూ ఆటగాడు ఈట్వాన్ మూర్ గురించి కూడా చెప్పారు. 2011లో 55వ పిక్. ఇంచుమించు ఎవరూ వద్దనుకున్నాక మిగిలినవాడు. పదేళ్లు ఎన్‌బీఏలో నిలబడ్డాడు. "వాడు మూలన నిలబడి కూడా పనికొచ్చేవాడు" అన్నారు పెద్దాయన.

ఇప్పుడు నేను నెగ్గిన పేరు. జాక్ ఈడీ. ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తాను, ఏమనుకోకండి.

టొరంటో కుర్రాడు. 7 అడుగుల 4 అంగుళాలు. చిన్నప్పుడు ఐస్ హాకీ, బేస్‌బాల్ ఆడి, పదో తరగతికొచ్చాక గానీ బాస్కెట్‌బాల్ పట్టుకోలేదు. పర్డ్యూకి వచ్చేనాటికి స్కూలు ఆటగాళ్ల జాబితాల్లో నాలుగు వందల తర్వాతెక్కడో ఉన్నాడు. మొదటి ఏడాది కోవిడ్, స్టేడియం ఖాళీ, టీవీలోనే చూశాం. రెండో ఏడాది మ్యాకీలో నేరుగా చూశాను. ట్రెవియన్ విలియమ్స్‌తో సగం సగం ఆడేవాడు, ఆటకి 19 నిమిషాలు. అయిదారు నిమిషాలు గట్టిగా పరిగెడితే చాలు, ఫ్రీ త్రో దగ్గర ఆట ఆగగానే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయేవాడు. పైనుంచి చూస్తే వీపు ఎగిసిపడటం తెలిసేది.

నాలుగో ఏడాదికి అతను ఆటకి 32 నిమిషాలు ఆడుతున్నాడు, వంగడం లేదు. ఇది అంకెల్లో కన్నా కళ్లకి ముందు తెలుస్తుంది. ఇంకోటి, కాళ్లు. మొదట్లో తన చోటికి వచ్చి చెయ్యెత్తి బంతి కోసం నిలబడేవాడు. తర్వాత తర్వాత బంతి అవతలి పక్కన ఉండగానే తన మనిషిని నడుముతో వెనక్కి నెట్టి, కాలు అడ్డంపెట్టి, చోటు సంపాదించుకునేవాడు. బంతి వచ్చేసరికి పని సగం అయిపోయేది. టీవీలో కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి ఇది కనపడదు. మ్యాకీ పై వరసలో కూర్చుంటే కనపడుతుంది.

2023లో దేశపు ఉత్తమ ఆటగాడయ్యాడు. కానీ మార్చి 17న కొలంబస్‌లో, 16వ సీడ్ (టోర్నమెంట్‌లో అట్టడుగు ర్యాంకు) ఫెయిర్లీ డికిన్సన్ యూనివర్సిటీ చేతిలో 63-58తో ఓడిపోయాం. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో అందరికన్నా పొట్టి జట్టు అది. దేశమంతా మమ్మల్ని చూసి నవ్వింది. ఈడీ డ్రాఫ్ట్‌కి పేరిచ్చి, వెనక్కి తీసుకుని, మళ్లీ కాలేజీకి వచ్చాడు.

ఆ నిర్ణయం విలువ మన తెలుగు పిల్లలకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరుతో ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. కానీ ఈడీ కెనడావాడు, మాలాగే ఎఫ్-1 వీసా. మా ఎమ్మెస్ పిల్లలు డైనింగ్ కోర్టులో వారానికి 20 గంటలు దాటకుండా లెక్కపెట్టుకుని పనిచేసేవాళ్లు. క్యాంపస్ బయట ఒక్క గంట చేసినా వీసా పోతుందని భయం. దేశంలోకెల్లా పెద్ద కాలేజీ స్టార్‌కి కూడా అదే గీత: అమెరికా గడ్డ మీద ప్రకటనలు చేసి సంపాదించే వీలు దాదాపు లేదు. అమెరికా పుట్టుక ఉన్న ఆటగాళ్లు లక్షల డాలర్లు తీసుకుంటుంటే అతను వదులుకుని ఆడాడు. అందుకే మావాళ్లలో క్రికెట్ తప్ప తెలియనివాళ్లు కూడా ఈడీని సొంతవాడిలా చూసుకున్నారు.

ఆ చివరి ఏడాది సగటున 25 పాయింట్లు, 12 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని పట్టుకోవడం). రాల్ఫ్ శాంప్సన్ తర్వాత వరసగా రెండేళ్లు నైస్మిత్ అవార్డు (దేశపు ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చేది) గెలిచినవాడు ఇతనే. డెట్రాయిట్‌లో టెనెసీ మీద 40 పాయింట్లు కొట్టి, చివరి నిమిషంలో, అప్పటికే 37 కొట్టిన వాళ్ల ఆటగాడు డాల్టన్ కనెక్ట్ షాట్‌ని అడ్డుకున్నాడు. నలభై నాలుగేళ్ల తర్వాత పర్డ్యూ ఫైనల్ ఫోర్‌కి వెళ్లింది. నాకు మొదట గుర్తొచ్చింది వేరుశెనగకాయల పెద్దాయనే.

ఫైనల్ 2024 ఏప్రిల్ 8 రాత్రి. ఆ మధ్యాహ్నమే ఇండియానా మీదుగా సూర్యగ్రహణం వెళ్లింది. ఇండియాలో అప్పటికి తెల్లవారింది, ఉగాది. కనెటికట్ 75-60తో గెలిచింది. ఈడీ ఒక్కడే 37. అమ్మ పచ్చడి కలుపుతూ ఫోన్ చేసి "పండగపూట ఏడుస్తున్నావేంట్రా" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

డ్రాఫ్ట్‌కి ముందు విశ్లేషకులు చాలామంది అతణ్ణి మొదటి రౌండ్ చివర్లో వేశారు. నెమ్మదిగా కదులుతాడు, బయట షాట్ లేదు, ఇలాంటి భారీ ఆటగాళ్ల కాలం పోయింది, ఇదీ వాదన. మెంఫిస్ తొమ్మిదో పిక్‌గా తీసుకుంది. టీవీలో ఆశ్చర్యపోయారు. నేను పోలేదు. మెంఫిస్ ఆ ఫిబ్రవరిలోనే తన భారీ ఆటగాడు స్టీవెన్ ఆడమ్స్‌ని వదులుకుంది. అప్పటి జట్టు స్టార్ జా మోరాంట్ దూసుకెళ్లాలంటే గోడలా అడ్డు నిలబడే మనిషి కావాలి, తప్పిన షాట్‌ని పట్టే మనిషి కావాలి. ఆ రెండు పనులకీ బంతి చేతిలో ఉండక్కర్లేదు. మొదటి సీజన్‌లో అతను 9 పాయింట్లు, 8 రీబౌండ్లకు పైగా తెచ్చి ఆల్-రూకీ మొదటి జట్టులో (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాళ్లు అయిదుగురిలో) చోటు సంపాదించాడు. కాలేజీలో 25 కొట్టినవాడు 9కి పడిపోయాడని కొందరు ఎత్తి చూపారు. నాకు అదే అసలైన గెలుపు. షాట్లు తగ్గినా పనికొచ్చాడు. ఆ తర్వాత 2025 వేసవిలో చీలమండకి ఆపరేషన్ అయింది. అంత బరువు మోసే కాళ్ల గురించి స్కౌట్లు పడ్డ భయం ఉత్తదేమీ కాదు, అది నేను ఒప్పుకుంటాను.

ఇంకో పర్డ్యూ ఆటగాడు జేడెన్ ఐవీ గురించి ఒక్క మాట. 2022లో అయిదో పిక్, డెట్రాయిట్. 2022 జనవరిలో ఒహాయో స్టేట్ మీద చివరి క్షణంలో అతను వేసిన త్రీకి మ్యాకీలో నా చెవులు గంటసేపు పనిచెయ్యలేదు. అతని వేగం అందరికీ కనపడేదే, స్కౌట్లకీ కనపడింది. అక్కడ అభిమానికి ప్రత్యేకంగా తెలిసేది ఏమీ లేదు.

2025 డ్రాఫ్ట్‌లో అందరి కళ్లూ మొదటి పిక్ కూపర్ ఫ్లాగ్ మీద ఉంటే, నేను డ్యూక్ యూనివర్సిటీలో అతనితో కలిసి ఆడిన కుర్రాడు కాన్ కనిపల్ పేరు కోసం చూశాను. బంతి ఫ్లాగ్ దగ్గర ఉన్నప్పుడు కనిపల్ ఒక్కచోట నిలబడడు, ఖాళీ వెతుక్కుంటాడు, త్రీలు 40 శాతానికి పైగా వేస్తాడు. షార్లెట్ నాలుగో పిక్‌గా తీసుకుంది. పర్డ్యూవాణ్ణి కాకుండా డ్యూక్‌వాణ్ణి మెచ్చుకోవడం నా నోటికి కొత్త, అయినా చప్పట్లు కొట్టాను.

మీరు ఏ ఊళ్లో ఉన్నారో రాయలేదు. దగ్గర్లో కాలేజీ జట్టుంటే నవంబరులో ఒక్క టికెట్ కొనండి, పై వరసది చాలు, అదే చవక కూడా. ఒక ఆటగాణ్ణి ఎంచుకుని మొదటి పది నిమిషాలు బంతిని వదిలేసి అతణ్ణే చూడండి. మార్చిలో మళ్లీ వెళ్లి అతణ్ణే చూడండి. అప్పుడు ఇక్కడికొచ్చి పేరు చెప్పండి, ఎన్నో పిక్ అవుతాడో మాట్లాడుకుందాం.