పదహారేళ్ల ఫార్వర్డ్‌ను స్పెయిన్ పంపాలా?

ప్రశ్న: పద్నాలుగేళ్లుగా డబ్లిన్‌లో ఉంటున్నాం. నేను, నా భార్య ఇద్దరం ఐటీలోనే. హైదరాబాద్‌లో పుట్టిన మా అబ్బాయికి ఇప్పుడు పదహారేళ్లు, ట్రాన్సిషన్ ఇయర్ (ఇక్కడి ఇంటర్ లాంటి చదువుకు ముందుండే ఏడాది) పూర్తవుతోంది. లీగ్ ఆఫ్ ఐర్లాండ్ (ఐర్లాండ్ దేశపు ఫుట్‌బాల్ లీగ్) క్లబ్బొకదాని అండర్ 17 జట్టులో ఫార్వర్డ్‌గా ఆడుతున్నాడు. స్పెయిన్‌లో ఒక రెసిడెన్షియల్ అకాడమీలో సీటు ఇప్పిస్తానని ఒక ఏజెంట్ వచ్చాడు. అడ్వాన్స్ కట్టాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు. అమెరికా కాలేజీ స్కాలర్‌షిప్ మేలని ఒక స్నేహితుడు అంటున్నాడు. ఇక్కడే లీవింగ్ సర్ట్ (స్కూలు చివరి పరీక్ష) పూర్తి చేయాలన్నది నా భార్య మాట. మూడింటినీ పోల్చి చెప్పగలరు. మావి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టులే. వాడు స్టార్ కాకపోయినా పర్వాలేదు, అటూ ఇటూ కాకుండా పోతాడేమోనని భయం.

జవాబు: మీరు పోల్చమన్న మూడు దారుల సంగతి తర్వాత చూద్దాం. మీకు నిద్ర పట్టనివ్వనిది మీ ఆఖరి వాక్యం. క్రికెట్ పిల్లల తల్లిదండ్రులు, బ్యాడ్మింటన్ పిల్లల తల్లిదండ్రులు కూడా నన్ను అడిగేది ఇదే. స్టార్ కాని ఆటగాడి జీవితం ఎలా ఉంటుందో టీవీ చూపించదు కాబట్టి మనకు తెలిసినవి రెండే: పెద్ద స్టేడియం, లేకపోతే ఖాళీ చేతులు. ఆ రెండింటి మధ్య చాలామంది బతుకుతున్నారు. మీరుంటున్న ఐర్లాండ్ ఆటగాడినే ఒకరిని చెబుతాను.

రాయ్ ఓడోనోవన్, కార్క్ నగరం, 1985లో పుట్టాడు. మీ అబ్బాయిలాగే ఫార్వర్డ్. టీనేజ్‌లోనే ఇంగ్లండ్ వెళ్లి కొవెంట్రీ క్లబ్బు అకాడమీలో చేరాడు. అక్కడ మొదటి జట్టులోకి రాలేక 2005లో ఇంటికి తిరిగొచ్చాడు. అదే ఏడాది కార్క్ సిటీ క్లబ్బు ఐర్లాండ్ లీగ్ గెలిచింది, ఆ జట్టులో ఇతనున్నాడు. రెండేళ్లు అక్కడ పెద్దవాళ్లతో ఆడి గోల్స్ కొట్టాక 2007లో ఇంగ్లండ్ క్లబ్బు సండర్లాండ్ మేనేజర్ రాయ్ కీన్ పిలిచాడు. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై అంచె అయిన ప్రీమియర్ లీగ్ చేరాడు, కానీ ఆ లీగ్‌లో ఒక్క గోల్ కూడా రాలేదు. ఇక లోన్లు, అంటే తాత్కాలికంగా వేరే క్లబ్బులకు పంపడాలు, మొదలయ్యాయి: డండీ యునైటెడ్, బ్లాక్‌పూల్, సౌత్ఎండ్, హార్టిల్‌పూల్. మళ్లీ కొవెంట్రీ, అక్కడి నుంచి హిబర్నియన్‌కు లోన్, తర్వాత నార్తాంప్టన్. 2014లో బ్రూనై వెళ్లి, అప్పట్లో సింగపూర్ లీగ్‌లో ఆడే డీపీఎంఎం క్లబ్బులో చేరాడు. 2015లో ఇండోనేషియాలో మిత్ర కుకార్ క్లబ్బు. ఆ ఏడాది ఇండోనేషియా లీగే మధ్యలో ఆగిపోయింది, ఆ దేశాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా సస్పెండ్ చేసింది. అక్కడి నుంచి ఆస్ట్రేలియాలోని సెంట్రల్ కోస్ట్ మెరైనర్స్. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్లు, చాలామంది ఫార్వర్డ్‌లు దిగజారే వయసు. ఇతను మాత్రం అక్కడే నిలదొక్కుకున్నాడు. అక్కడి న్యూకాసిల్ జెట్స్‌తో 2018లో ఆస్ట్రేలియా లీగ్ గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లాడు. ఆ ఫైనల్లోనే ఎదుటి గోల్‌కీపర్ ముఖానికి కాలు తగిలించి రెడ్ కార్డు, ఆపైన పది మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. అయినా తర్వాత బ్రిస్బేన్ రోర్, మళ్లీ జెట్స్. ఐర్లాండ్ సీనియర్ జట్టుకు ఒక్కసారీ ఆడలేదు.

ఇతను అటూ ఇటూ కాకుండా పోయాడంటారా? నా దృష్టిలో ఇదొక పూర్తి ఉద్యోగ జీవితం. పదిహేనేళ్లకు పైగా ఆటే అన్నం పెట్టింది. అయితే ఇందులో కష్టమేమిటో మీరు స్పష్టంగా చూడాలి. లోన్ అంటే మీ క్లబ్బే మిమ్మల్ని కొన్ని నెలలకు మరో ఊరికి పంపడం. సామాను విప్పీ విప్పకముందే మళ్లీ సర్దుకోవాలి. కాంట్రాక్ట్ ఏడాదికో రెండేళ్లకో ఉంటుంది, సీజన్ ముగిసే నెలల్లో వచ్చే ఏడాది ఏ దేశంలో ఉంటామో ఇంట్లో ఎవరికీ తెలియదు. మోకాలికి దెబ్బ తగిలితే బేరం పడిపోతుంది. మీలాంటి ఐటీ ఇంట్లో, ఇల్లు లోన్ మీద కొనుక్కుని ఇరవై ఏళ్ల ఈఎంఐ లెక్కలేసుకునే ఇంట్లో, ఇలా బతకడం ఊహకు కూడా అందదు. మీ అబ్బాయి మనసుకు అందుతుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని మీరు ఇంతవరకు వాడిని అడగలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

ఇంకొకరు పాడ్రిగ్ ఏమండ్, ఐర్లాండ్‌లోని కార్లో ఊరివాడు. అక్కడి క్లబ్బులు షామ్రాక్ రోవర్స్, స్లైగో రోవర్స్‌లలో ఆడి 2010లో, ఇరవై రెండేళ్ల వయసులో, పోర్చుగల్ వెళ్లాడు. ఒక్క సీజన్ తర్వాత ఇంగ్లండ్ నాలుగో అంచెలోని అక్రింగ్టన్‌కు చేరాడు. తర్వాత మోర్కమ్, ఆ తర్వాత ఐదో అంచెలో గ్రిమ్స్‌బీ. కిందికి జారుతున్నాడని మనం జాలిపడే సమయంలో, 2015-16లో అతను 37 గోల్స్ కొట్టాడు, గ్రిమ్స్‌బీ వెంబ్లీలో గెలిచి పై లీగ్‌కు ఎక్కింది. 2019 జనవరిలో న్యూపోర్ట్ తరఫున, అన్ని అంచెల క్లబ్బులూ ఆడే ఎఫ్ఏ కప్‌లో, ప్రీమియర్ లీగ్ జట్టు లెస్టర్ మీద గెలుపు పెనాల్టీ అతనిదే. ముప్ఫై ఐదు దాటాక సొంత దేశానికి తిరిగొచ్చి వాటర్‌ఫర్డ్‌కు ఆడాడు.

ఈ ఇద్దరి కథల్లో మీకు పనికొచ్చేది ఒకటుంది. ఓడోనోవన్ టీనేజ్‌లో చేసిన విదేశీ ప్రయాణం నిలబడలేదు. ఇద్దరినీ నిలబెట్టింది సొంత దేశపు లీగ్‌లో పెద్దవాళ్లతో ఆడిన మ్యాచ్‌లు. చిడోజీ ఓగ్‌బెనే కూడా అంతే. నైజీరియాలో పుట్టి చిన్నప్పుడు కార్క్‌కు వచ్చిన పిల్లాడు, కార్క్ సిటీ, లిమరిక్‌లకు ఆడాకే 2018లో ఇరవై ఏళ్లకు ఇంగ్లండ్‌లోని బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బుకు వెళ్లాడు. ఐర్లాండ్ సీనియర్ జట్టుకు ఆడిన, ఆఫ్రికాలో పుట్టిన మొదటి ఆటగాడు అతనే. మన పేరుతో, మన రంగుతో అక్కడ రానిస్తారా అన్న అనుమానం మీకు లోపల ఉంటే, దానికి జవాబు అతనే. డబ్లిన్‌లో ఆడే కుర్రాడు మేసన్ మెలియా విషయంలోనూ ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్ 2025 ఫిబ్రవరిలోనే ఒప్పందం చేసుకుంది, కానీ పద్దెనిమిది నిండేదాకా అతను అక్కడి సెయింట్ పాట్రిక్స్ క్లబ్బుకే ఆడాడు.

దీనికి ఒక కారణం రూలు. బ్రెగ్జిట్ తర్వాత ఇంగ్లండ్ క్లబ్బులు బయటి దేశాల నుంచి పద్దెనిమిది లోపు వాళ్లను తీసుకోవడానికి లేదు, ఐర్లాండ్ పిల్లలకూ అదే వర్తిస్తుంది. యూరోపియన్ యూనియన్ లోపల అయితే పదహారు నిండితే మారవచ్చు. అప్పుడు కూడా ఆ క్లబ్బు చదువు, వసతి చూపించి తీరాలి. స్పెయిన్ గురించి మీ ఏజెంట్ చెప్పిందాంట్లో నిజం అంతవరకే.

ఇప్పుడు ఆ అకాడమీ సంగతి. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఈ మధ్య ప్రతి ఊళ్లోనూ ఇదే ఫ్యాషన్: స్పెయిన్‌లో ఏడాది, పోర్చుగల్‌లో ఏడాది, ఫొటోలో పచ్చటి గ్రౌండు, స్కౌట్లు (క్లబ్బుల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లు) వస్తారన్న మాట. క్లబ్బుకు మీ అబ్బాయి కావాలనిపిస్తే ఖర్చు క్లబ్బు పెట్టుకుంటుంది. ఫీజు మీరు కడుతున్నారంటే ఆ సంస్థకు మీరు కస్టమర్, మీ అబ్బాయి ఆట ఎలా ఉన్నా వాళ్లు వద్దనరు. వాళ్లను మూడు విషయాలు అడగండి. మీ వాడిని ఏ క్లబ్బు పేరు మీద, ఏ లీగ్‌లో రిజిస్టర్ చేస్తారు? ఆ రిజిస్ట్రేషన్ ఫిఫా అనుమతితో జరుగుతుందని రాతపూర్వకంగా ఇస్తారా? గత ఏడాది పిల్లల్లో ఎవరు ఏ క్లబ్బులో సంతకం చేశారు? మొదటిదానికే నీళ్లు నమిలితే అక్కడితో ఆపేయండి. రిజిస్ట్రేషన్ లేని పిల్లాడు రోజూ ప్రాక్టీస్ చేస్తాడు, అధికారిక మ్యాచ్ మాత్రం ఆడలేడు. బార్సిలోనా అంతటి క్లబ్బే మైనర్ల నిబంధనలు మీరినందుకు 2014లో ఫిఫా శిక్షకు గురైంది. అక్కడున్న కొరియా కుర్రాడు లీ సుంగ్ వూ పద్దెనిమిది నిండేదాకా అధికారిక మ్యాచ్‌లకు దూరంగా ఉండాల్సి వచ్చింది. ఫార్వర్డ్‌కు పదహారు, పదిహేడు ఏళ్లలో మ్యాచ్‌లు పోతే ఆ నష్టం పూడ్చడం కష్టం.

ఏజెంట్ సంగతి కూడా చూడండి. 2023 నుంచి ఫిఫా ఏజెంట్లకు పరీక్ష, లైసెన్సు ఉన్నాయి. మైనర్‌తో మాట్లాడాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కావాలి, మైనర్ల కోసం వేరే శిక్షణా తీసుకుని ఉండాలి. ఈ పెద్దమనిషి పేరు ఫిఫా జాబితాలో ఉందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. డబ్బు కట్టేముందే ఆ పని చేసి ఉండాల్సింది.

ఇక్కడ మీతో కొంచెం కటువుగా మాట్లాడాలి. భార్యకు చెప్పకుండా కొడుకు భవిష్యత్తుకు అడ్వాన్స్ కట్టడం ఏమిటండీ? ఆవిడ కాదంటుందని తెలిసే కదా చెప్పలేదు? రేపు ఆ పిల్లాడు అక్కడ ఒంటరిగా ఉండి, బెంచీ మీద కూర్చుని, ఇంటికి వచ్చేస్తానని అడగాలనుకుంటే ఎవరికి ఫోన్ చేస్తాడు? డబ్బు కట్టి పంపిన నాన్నకు చెప్పలేడు, తనకు తెలియకుండా జరిగిందని బాధపడుతున్న అమ్మకూ చెప్పలేడు. ఈ రాత్రే ఆవిడకు చెప్పండి. వాడి ముందు మాత్రం ఎంత కట్టారో అనకండి, ఆ మొత్తం ప్రతి మ్యాచ్‌లోనూ వాడి మెడ మీద కూర్చుంటుంది.

రెండో మందలింపు పాస్‌పోర్టు గురించి. ఐరిష్ పౌరులకు బ్రిటన్‌లో పని చేయడానికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు. పద్దెనిమిది నిండిన రోజున ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలోని ఏ అంచె క్లబ్బయినా మీ అబ్బాయిని తీసుకోవచ్చు. ఇండియన్ పాస్‌పోర్టుతో అయితే చిన్న క్లబ్బుల తలుపులు దాదాపు మూసినట్టే. ఓడోనోవన్, ఏమండ్‌లు బ్రిటన్‌లో ఎక్కువగా ఆడింది ఆ చిన్న క్లబ్బుల్లోనే కదా. పద్నాలుగేళ్లు ఉండి కూడా దరఖాస్తు పెట్టలేదు. ఇండియన్ పౌరసత్వం వదులుకోవడం మనసుకు భారమే, ఓసీఐ కార్డు దాని లోటు పూర్తిగా తీర్చదని నాకు తెలుసు. ఆ భారం ఎంతో మీ ఇద్దరూ తూచుకోండి, కానీ వాయిదా వేయకండి. తల్లిదండ్రుల్లో ఒకరికి పౌరసత్వం వచ్చాక మైనర్ కొడుకు కోసం అడగవచ్చు. ఈ పనికి సమయం పడుతుంది, వాడికి ఇప్పటికే పదహారు.

అమెరికా గురించి క్లుప్తంగా. డిగ్రీ చేతికొస్తుంది, అది మంచిదే. కానీ ఫుల్ స్కాలర్‌షిప్ అన్న మాట నమ్మకండి. అక్కడి కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్ 1లో పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు చాలా ఏళ్ల పాటు ఉన్నవి 9.9 స్కాలర్‌షిప్‌లు, వాటిని జట్టంతా పంచుకునేది. 2025లో నిబంధనలు మారినా ప్రతి కాలేజీ అందరికీ డబ్బు పెట్టదు. మీ జేబు నుంచి ఎంత పోతుందో కాలేజీవారీగా చూడాల్సిందే. పైగా ఆ నిర్ణయం లీవింగ్ సర్ట్ ముందు తీసుకోవాల్సిన అవసరం లేదు.

కాబట్టి నా ఓటు మీ భార్య మాటకే. రెండేళ్లు ఇంట్లో ఉండి, ఇప్పుడున్న క్లబ్బులో ఆడుతూ, అండర్ 20కి, వీలైతే సీనియర్ జట్టు బెంచీకి ఎక్కే ప్రయత్నం చేయనివ్వండి. ఈలోగా నిజమైన యూరప్ క్లబ్బు తన ఖర్చుతో పిలిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

మీ భయానికి మాత్రం నేరుగా చెబుతాను. మన ఊళ్లో ఇంటర్ అయ్యాక ఏడాది ఖాళీగా ఉంటే చుట్టాలు ఎలా మాట్లాడతారో మీకు గుర్తుంది, ఆ భయాన్నే డబ్లిన్‌కు మోసుకెళ్లారు. మీరున్న దేశం అలా లేదు. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌కు సొంత లీగ్ ఆఫ్ ఐర్లాండ్ క్లబ్బు ఉంది, స్కాలర్‌షిప్ మీద చదువుతూ ఆడే కుర్రాళ్లతో అది దశాబ్దాలుగా నడుస్తోంది. లీవింగ్ సర్ట్‌లో పాయింట్లు తగ్గితే పీఎల్‌సీ కోర్సు (స్కూలు తర్వాత చేసే వృత్తి కోర్సు) మీదుగా డిగ్రీకి వెళ్లవచ్చు. ఇరవై మూడు నిండితే మెచ్యూర్ స్టూడెంట్‌గా దరఖాస్తు పెట్టుకోవచ్చు, అప్పుడు పాయింట్ల లెక్కే వేరు. ఇరవై అయిదేళ్లకు బూట్లు విప్పి ఇంటికొచ్చినా మీ అబ్బాయి క్లాసులో వింతగా కనిపించడు. దేశదేశాలు తిరిగి, తిరస్కారాలు తట్టుకుని, కొత్త ఊళ్లో కొత్తవాళ్లతో కలిసి పని చేసిన మనిషిని ఉద్యోగమిచ్చేవాళ్లు కూడా చిన్నచూపు చూడరు. ధైర్యంగా ఉండండి.

ఈ వారం అకాడమీకి రాతపూర్వకంగా లెటర్ పెట్టి అడ్వాన్స్ వాపసు అడగండి. మీరిద్దరూ కలిసి వెళ్లి అండర్ 17 కోచ్‌ను కలవండి. వచ్చే రెండేళ్లలో వాడు సీనియర్ జట్టు దరిదాపులకు వస్తాడా, వాడి ఆటలో లోటేమిటి, ఈ రెండూ అడగండి. వాడిని కూడా కూర్చోబెట్టి ఓడోనోవన్ ఆడిన క్లబ్బుల జాబితా చదివించండి, ఇలాంటి జీవితం వచ్చినా ఆడతావా అని అడగండి. కోచ్ ఏమన్నాడో, వాడేమన్నాడో నాకు రాయండి. అమెరికా కాలేజీల లెక్క అప్పుడు వివరంగా చూద్దాం.