ఊడలు దిగే వేళకు నేలలో తేమ ఉండాలి

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న దీవించి రాయునది.

బెంగళూరు వదిలేసి కళ్యాణదుర్గం దగ్గర మన మెట్ట చేను చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మొన్న ఫోన్లో నువ్వు అడిగిన మాటే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. "ఈ ఏడు వానలు బాగుంటాయంటున్నారు కదా పెదనాన్నా, మొదటి వానకే ఏడెకరాలూ శెనక్కాయ వేసేద్దామా?" అన్నావు. వద్దు నాయనా. సగం విత్తనం మూటలోనే ఉండనీ.

మన అనంతపురానికి ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. అరేబియా సముద్రం నుంచి వచ్చే మేఘం పడమటి కనుమల మీదే చాలావరకు కురిసేసి, మన దాకా వచ్చేసరికి తేలికైపోతుంది. అటు బంగాళాఖాతం తుపాన్లు తీరంలో కుమ్మరించి, మనకు మిగిలిందే ఇస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు దక్కేది 340 దరిదాపుల్లో. విడతలు విడతలుగా పడితే శెనక్కాయకు ఆ వాన సరిపోతుంది. కానీ రెండు వానల మధ్య ఇరవై రోజులు, ముప్పై రోజులు ఎడం వస్తుంది చూడు, పంట పోయేది అక్కడే. టీవీలో చెప్పే "సాధారణ వర్షపాతం" అన్న మాటలో ఆ ఎడం కనపడదు.

ముప్పై ఏళ్ల కిందట మృగశిర కార్తెలో ఒక్క మంచి పదును, అంటే విత్తడానికి సరిపడా తేమ, చూసి ఉన్న విత్తనమంతా గొర్రుతో వేసేశాను. మొలక చూస్తే కళ్లు చల్లబడ్డాయి. పూత కూడా పసుపు చల్లినట్టు వచ్చింది. ఆ తర్వాత నలభై రోజులు చినుకు లేదు. పూత రాలాక ఆ కణుపు నుంచే ఊడ సూదిలా కిందికి దిగి, మట్టిలోకి పోయి, అక్కడ కాయ అవుతుంది కదా. మన ఎర్రనేల ఎండితే పైపొర పెంకులా బిగుసుకుంటుంది. ఒక చెట్టు కింద చేత్తో ఎత్తి చూశాను. పదిహేను ఊడలున్నాయి. కొసలు నేలను తాకి, లోపలికి పోలేక, మాడి నల్లబడ్డాయి. పెరికితే మూడే కాయలు. మీ నాన్న అప్పుడు చిన్నవాడు, పక్కన నిలబడి "అన్నా, వీటిని మనం గుచ్చుదామా?" అని అడిగాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

అందుకే పంట వయసును కార్తెలతో కలిపి చూసుకో. విత్తిన ఇరవై అయిదు, ముప్పై రోజులకు పూత, నలభై దాటాక ఊడలు, అక్కడి నుంచి తొంభై దాకా కాయ ఊరడం. జూలై మొదట్లో వేస్తే ఊడలు మఖ కార్తెలో, అంటే ఆగస్టు రెండో సగంలో, దిగుతాయి. మఖ, ఆ తర్వాతి పుబ్బ వానల్లేక వరపైతే కరువేనని పెద్దలు అన్నది ఇందుకే. 2023 ఆగస్టు గుర్తుందా? 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. ఊడలు దిగే వేళకు అలాంటి నెల వస్తే ఎంత మంచి విత్తనమైనా ఏం చేస్తుంది?

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. మొలిచాక మొదటి మూడు వారాల్లో కాస్త బెట్ట వస్తే, అంటే వాన లేక నేల ఆరితే, టెన్షన్ పడకు. వేరు లోతుకు పోతుంది, పూత ఒక్కసారిగా వస్తుంది. ఆ రోజుల్లో గుంటక తోలి పైమట్టి కదిలిస్తే కింది తేమ నిలుస్తుంది. నలభై అయిదు రోజులు దాటాక మాత్రం చేలో ఇనుము పెట్టొద్దు, ఊడలు తెగుతాయి. జిప్సం ఎకరాకు రెండు వందల కిలోలు వేసేది కూడా ఆ లోపే, తేమ ఉన్నప్పుడే.

ఇక నువ్వు వెంటనే చేయాల్సిన పని. నిటారు గోడలున్న డబ్బా ఒకటి చేను నడుమ పెట్టు. చెట్టు నీడ, గోడ అడ్డు ఉండకూడదు. వాన పడిన ప్రతి పొద్దున స్కేలుతో కొలిచి పుస్తకంలో రాయి. మండలం ఆఫీసు దగ్గర ముప్పై మిల్లీమీటర్లు పడి, మన చేలో దుమ్ము కూడా అణగని రోజులు నేను ఎన్నో చూశాను. ఒక్క మిల్లీమీటరు అంటే ఎకరా మీద నాలుగు వేల లీటర్లు. ఇరవై పడితే ఎనభై వేల లీటర్లు. వాలుకు అడ్డంగా దున్ని, దిగువ మూల పంట కుంట తవ్వించుకుంటే అందులో కొంతైనా నీ దగ్గర ఆగుతుంది. ఊడల వేళకు ఒక్క తడి ఇవ్వగలిగినా పంట నిలబడుతుంది.

విత్తే ముందు జానెడు లోతు తవ్వి పిడికిట్లో మట్టి పిసుకు. ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. అలా ఉంటే మూడెకరాలు వెయ్యి, ప్రతి ఏడు సాళ్లకు ఒక కంది సాలు పెట్టు. శెనక్కాయ దెబ్బతిన్నా కంది ఈశాన్య వానలకు లేస్తుంది. మిగతా నాలుగెకరాలు రెండో పదునుకు. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వాతావరణ బులెటిన్ చదువు, కానీ ఆఖరి మాట ఆ పిడికిలిదే. జూలై దాటినా పదును రాలేదంటే ఆ నాలుగెకరాల్లో శెనక్కాయ మాట మరిచిపో. ఆ విత్తనం అమ్మేసుకోవచ్చు, మట్టిలో పోసింది మాత్రం తిరిగి రాదు.

మీ నాన్న పోరు పెడతాడు, పక్క చేనువాళ్లంతా వేసేశారు అని. వాడితో నేను మాట్లాడతాను. ఆ నాలుగెకరాల్లో శెనక్కాయ పడకపోతే వేసుకోవడానికి నా దగ్గర ఒక బస్తా ఉలవ విత్తనం తీసిపెట్టాను. వినాయక చవితి లోపల కావాలో వద్దో చెప్పు, ఆటోలో పంపిస్తా.

ఇట్లు
మీ పెదనాన్న