బ్యాంకు ఉద్యోగమా, మట్టి పరిశోధనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ మూడో ఏడాది చదువుతోంది. బ్యాంకు పరీక్షలకు ప్రిపేర్ అవ్వమంటే వినడం లేదు. మొక్కలు, నేలలోని సూక్ష్మజీవులు, వాతావరణ మార్పు మీద పరిశోధన చేస్తానంటోంది. దీంట్లో ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మీది వేరుశనగ జిల్లా కదండీ, అక్కడి నుంచే మొదలుపెడదాం. పూత మీదున్న మొక్కను మట్టితో సహా తవ్వి తీసి, వేరు మీది బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే రైజోబియం బ్యాక్టీరియా పనిచేస్తున్నట్టు. అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది, మొక్క దానికి చక్కెరలు పెడుతుంది. నేల బెట్టకొస్తే ఈ ఇచ్చిపుచ్చుకోవడం దెబ్బతింటుంది. కరువును తట్టుకునే రకం కోసం మనం విత్తనాన్నే చూస్తాం, వేరు దగ్గర జరిగేది వదిలేస్తాం. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది దాన్నే.

అమెరికాలోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో 1991 నుంచి అడవి నేలను కేబుళ్లతో 5 డిగ్రీలు అదనంగా వేడిచేస్తూ, మట్టిలోని కర్బనం ఎంత గాలిలో కలుస్తోందో కొలుస్తున్నారు. అంత దూరమెందుకు, హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (CRIDA)లోనే కార్బన్ డయాక్సైడ్, వేడి పెంచి మెట్ట పంటలను పరీక్షిస్తారు.

ఒక జాగ్రత్త. 'క్లైమేట్' అని పేరు కనబడగానే ఆ కోర్సులో చేర్చకండి. ఎమ్మెస్సీలో అగ్రికల్చరల్ మైక్రోబయాలజీ గానీ సాయిల్ సైన్స్ గానీ తీసుకోమనండి. సైంటిస్టు, లెక్చరర్ పోస్టులకు సబ్జెక్టు పేరు చూస్తారు. స్టాటిస్టిక్స్ ఇప్పటినుంచే గట్టిగా నేర్చుకోవాలి. ల్యాబ్‌లో చురుగ్గా ఉండే పిల్లలు కూడా డేటా దగ్గరికొచ్చేసరికి తడబడటం నేను చాలాసార్లు చూశాను.

దాచకుండా చెబుతున్నా, ఇది నిదానమైన దారి. పీహెచ్‌డీ అయ్యేసరికి ఇరవై ఎనిమిది దాటొచ్చు, మొదట్లో ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు పనే దొరకొచ్చు. ఈలోగా చుట్టాల ప్రశ్నలకు మీరే జవాబు చెప్పుకోవాలి! బ్యాంకు గురించి మాత్రం టెన్షన్ వద్దు. బ్యాంకుల్లోని అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టుకు ఈ బీఎస్సీ చాలు, జనరల్ కేటగిరీకి కూడా 30 ఏళ్ల దాకా అవకాశం ఉంటుంది.

చివరి ఏడాదిలో వాళ్లకు చేతిపని నేర్పే ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్ ఉంటుంది. కాలేజీలో జీవన ఎరువుల (మేలుచేసే సూక్ష్మజీవులతో చేసే ఎరువుల) తయారీ ఉంటే అది ఎంచుకోమనండి. ఒక సెమిస్టర్ పాటు ఆ సూక్ష్మజీవుల కల్చర్ ప్యాకెట్లు నింపాక కూడా ఇదే మాట అంటే, ఇక ఆపకండి.