యారాలి మాటకు చర్చి మానేస్తవా చెల్లె?

హన్మకొండ నుంచి ఒక చెల్లె రాసింది. పెండ్లయి ఆరేండ్లు, మొన్న ఎండాకాలం రెండోసారి కడుపు పోయింది. పెద్ద యారాలు కిందింట్ల, ఈమె పైన, ఇద్దరిదీ ఒకటే చర్చి. స్త్రీల కూడికల ప్రార్థన మనవులు చెప్పే టైంకు ఆ యారాలు లేచి "మా చెల్లె ఇంట్ల దాచిన పాపం ఏమన్న ఉంటే దేవుడు బయటపెట్టాలె, ప్రార్థన చెయ్యుండ్రి" అన్నదట. అప్పట్నుంచి ఈమె ఆదివారం ఫోన్లనే ఆరాధన చూస్తది. అన్నీ దేవుని చేతులనే ఉన్నయి కదా, ఇంట్ల కూసొని ఆయన్ని నమ్ముకుంటే సరిపోదా అని అడుగుతున్నది.

సరిపోదు చెల్లె. కానీ నీ బాధ అది కాదు. ఉత్తరంల దేవుని మీద కోపం నాకు యాడ కనబడలే, పేరా పేరాకు ఉన్నది ఆ యారాలు అక్కనే. నీ సంబంధం తెచ్చింది అక్క, మొదటిసారి ఆస్పత్రిల రాత్రంత మంచం పక్కన కూసున్నది అక్క, జావ కాచి తాగిపిచ్చింది అక్క. ఇంకెవరన్న అంటే రెండ్రోజులు ఏడ్చి ఊకుందువు.

అక్క అన్నది తప్పు, గట్టిగనే చెప్తున్న. సిలోయంల గోపురం కూలి 18 మంది చచ్చిపోతే వాళ్లు అందరికంటే పాపాత్ములా అని యేసే అడిగి, కాదని చెప్పిండు. పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు దోస్తులు ఏడు రోజులు నోరు తెరవకుండ పక్కన కూసున్నరు, అదే మంచిగుండె, ఎప్పుడైతే నీ పాపమే నీకు తగిలింది అని మొదలువెట్టిండ్రో దేవునికి కోపమొచ్చింది. తొలి మూడు నెలల్ల పోయే గర్భాలల్ల సగం దాక క్రోమోజోముల తేడాతోనే పోతయి, అండ్ల నీ తప్పేం లేదు. రెండుసార్లయింది కాబట్టి డాక్టరమ్మను కలిసి థైరాయిడ్, షుగర్, రక్తం గడ్డకట్టే టెస్టులు చేయించుకో, అది అవిశ్వాసం కాదు.

ఇంక మీ ఆయన "పెద్దామె, ఏమనకు, అంత దేవుడు చూసుకుంటడు" అంటున్నడని రాసినవ్. ఈ మాట నాకు అస్సలు నచ్చలే. యోసేపు అన్నలతోని మీరు కీడు తలిచిండ్రు దేవుడు మేలు చేసిండు అన్నడు నిజమే, కానీ అంతకుముందే అందరినీ బయటికి పంపి, మీరు అమ్మేసిన తమ్ముణ్ని నేనే అని మొఖం మీదనే చెప్పి బోరున ఏడ్చిండు. దేవుని చిత్తాన్ని నమ్మినోడు జరిగింది జరగనట్టు మింగి కూసోలే.

నువ్వు కూడ మీ బావ డ్యూటీకి పోయినంక మెట్లు దిగిపో. పాస్టరమ్మను తోలుకపోకు, ఒక్కదానివే పో, ఒంటరిగున్నప్పుడే చెప్పమని మత్తయి 18ల ఉన్నది. "అక్కా, అందరి ముందట నువ్వన్న మాటకు నేను తల ఎత్తుకోలేకపోతున్న" అను. ఏడుపొస్తే ఏడువు, బతిమాలకు మాత్రం. పెద్దామెకు మర్యాద ఇయ్యాల్సిందే, కానీ చెయ్యని పాపం నెత్తినేసుకోవుడు మర్యాద కాదు.

ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా వచ్చే ఆదివారం చర్చికి పో, ఆ చర్చి ఆమె సొంతం కాదు. నీ లెక్కనే కడుపులు పోగొట్టుకున్నోళ్లు ఆ చాపల మీద ఇంకా ఉంటరు, ఫోన్ల వాళ్లు కనబడరు కదా. టెస్టులకు పోయే రోజు తోడు రమ్మని వాళ్లల్ల ఎవరినన్న అడుగు. అక్కనే వస్త అంటే మాత్రం వద్దనకు.